పిల్లలు "బాగున్నాం" అని చెప్పడం వెనక ఏముంది? ర్యాంకుల పట్టికలు చెప్పేవి, చెప్పనివి

పిల్లల సంతోషం గురించి ఏ అంతర్జాతీయ నివేదిక వచ్చినా నాలుగు రోజులు ఒకటే చర్చ. ఫలానా దేశం పైన ఎందుకుంది, అన్నీ ఉన్న దేశంలో పిల్లలు అంత కింద ఎందుకున్నారు, డబ్బు లేని చోట పిల్లలు నవ్వుతూ ఎలా ఉన్నారు అని. దీనికి రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. "అంతా చదువుల టెన్షన్" అనేది ఒకటి, "పేదవాళ్లకే అసలైన ఆనందం" అనేది ఇంకొకటి. రెండూ వినడానికి బాగానే ఉంటాయి కానీ అంకెల్ని కాస్త దగ్గరగా చూస్తే రెండూ నిలబడవు.

క్లుప్తంగా

"నీ జీవితం ఎలా ఉంది?" అని అడిగితే పిల్లలు చెప్పే జవాబులో మూడు విషయాలు కలిసిపోయి ఉంటాయి: రోజు నిజంగా ఎలా గడుస్తోంది, దాన్ని ఎవరితో పోల్చుకుంటున్నారు, ఎలాంటి జవాబు చెప్పడం పద్ధతి అని ఇంట్లో, బడిలో నేర్చుకున్నారు. సంస్కృతి ఈ మూడింటినీ తాకుతుంది. వీధి, చప్పుడు, ఇరుగుపొరుగు లాంటి పరిసరాలు ముఖ్యంగా మొదటిదాన్ని, కొంతవరకు రెండోదాన్ని మారుస్తాయి. అందుకే దేశాల ర్యాంకుల కంటే, ఒకే చోట ఏదో ఒకటి మారినప్పుడు అక్కడి పిల్లల్లో ఏం మారిందో పట్టుకున్న అధ్యయనాలు ఎక్కువ పనికొస్తాయి.

ఒకే దేశానికి ఒకటో ర్యాంకు, ముప్పై ఏడో ర్యాంకు

2020లో యునిసెఫ్ పరిశోధన విభాగం ఇన్నొచెంటి, ధనిక దేశాల పిల్లల పరిస్థితి మీద ఒక నివేదిక ఇచ్చింది. మొత్తం మీద నెదర్లాండ్స్, డెన్మార్క్, నార్వే మొదటి మూడు స్థానాల్లో ఉన్నాయి. ఎక్కువ మందిని తికమక పెట్టింది మాత్రం జపాన్. శారీరక ఆరోగ్యంలో ఒకటో ర్యాంకు, మానసికంగా బాగుండటంలో 38 దేశాల్లో 37వ ర్యాంకు. ఇంతకీ ఆ రెండో ర్యాంకులో లెక్క వేసినవి రెండే రెండు: 15 ఏళ్ల పిల్లలు తమ జీవితం పట్ల ఎంత తృప్తిగా ఉన్నామని చెప్పారు, 15 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ఆత్మహత్యల రేటు ఎంత. పదికి ఐదు కంటే ఎక్కువ తృప్తి ఉందని చెప్పిన పిల్లలు నెదర్లాండ్స్‌లో 90 శాతం, జపాన్‌లో 62 శాతం, టర్కీలో 53 శాతం. ఒకటి పిల్లలు సొంతంగా వేసుకున్న మార్కు, ఇంకొకటి మరణాల రిజిస్టర్‌లోంచి వచ్చిన లెక్క. రెండూ ముఖ్యమైనవే, కానీ రెండింటినీ కలిపి ఒకే అంకె చేసేసరికి ఏది దేనివల్లో చదివేవాళ్లకి తెలియకుండా పోతుంది.

ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి ఓఈసీడీ, 15 ఏళ్ల విద్యార్థుల చదువుని దేశాల మధ్య పోల్చడానికి నడిపే పీసా పరీక్షల్లో కూడా ఇలాంటి చిక్కే. 2015 పరీక్షతో పాటు 15 ఏళ్ల విద్యార్థుల్ని 0 నుంచి 10 వరకు జీవిత తృప్తికి మార్కు వేయమన్నారు. ఓఈసీడీ సగటు 7.3 వచ్చింది. డొమినికన్ రిపబ్లిక్ పిల్లలు 8.5తో అందరికంటే పైన ఉన్నారు, గణితంలో ఆ దేశానిదే ఆఖరి స్థానం. గణితంలో ముందువరసలో ఉన్న దక్షిణ కొరియాకి తృప్తిలో 6.4 మాత్రమే. ఇక్కడితో ఆపేస్తే చదువు పెరిగితే సంతోషం తగ్గుతుందని రాసేసుకోవచ్చు, చాలామంది రాసేశారు కూడా. కానీ అదే పట్టికలో ఫిన్లాండ్‌కి 7.9, నెదర్లాండ్స్‌కి 7.8 ఉన్నాయి, ఈ రెండూ చదువులోనూ సగటు కంటే పైనే. అంటే రెండూ కలిసి ఉండటం సాధ్యమే. అదే సర్వేలో బాగా ప్రిపేర్ అయినా పరీక్ష అంటే చాలా భయమేస్తుందని చెప్పిన పిల్లలు ఓఈసీడీ దేశాల్లో సగటున 55 శాతం. ఈ భయానికి పరీక్షలు ఎన్నిసార్లు పెడుతున్నారన్నదానితో సంబంధం కనిపించలేదు. పరీక్షని పిల్లలు ఎంత ముప్పుగా చూస్తున్నారు, టీచరు సాయం చేస్తారన్న నమ్మకం ఉందా లేదా అన్నదాంతోనే సంబంధం కనిపించింది.

ఇక పేదరికం సంగతి. దేశాల మధ్య చూస్తే డబ్బుకీ పిల్లల తృప్తికీ సూటి సంబంధం కనిపించదు, నిజమే. ఒక దేశం లోపల చూడండి, బొమ్మ మారిపోతుంది. దాదాపు ప్రతి చోటా తక్కువ ఉన్న ఇళ్ల పిల్లలు, ఎక్కువ ఉన్న ఇళ్ల పిల్లల కంటే తక్కువ తృప్తి చెప్తారు. దీంట్లో వింతేమీ లేదు. పిల్లలు తమ జీవితాన్ని ఎక్కడో ఉన్న దేశంతో పోల్చుకోరు, పక్క బెంచీలో కూర్చున్నవాడితో పోల్చుకుంటారు. "పేదవాళ్లకే ఆనందం" అనే మాట దేశాల సగటుల్ని చూసి పుట్టింది, ఆ సగటుల లోపల ఉన్న పిల్లల్ని చూసి కాదు.

ప్రశ్న అడగడంలోనే సగం చిక్కు

ఇలాంటి సర్వేల్లో ఎక్కువగా వాడేది ఒక నిచ్చెన బొమ్మ. హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1965లో ప్రచురించిన పద్ధతి అది. పై మెట్టు నీ ఊహకి అందే అన్నిటికంటే మంచి జీవితం, కింది మెట్టు అన్నిటికంటే చెడ్డ జీవితం, నువ్వు ఎక్కడున్నావో చెప్పు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి 1980ల నుంచి యూరప్, కెనడాల్లో జరుగుతున్న బడి పిల్లల సర్వేలో 11, 13, 15 ఏళ్ల వాళ్లని ఇదే అడుగుతారు. "చిల్డ్రన్స్ వరల్డ్స్" అనే ఇంకో సర్వే ఇంకా చిన్నవాళ్ల దగ్గరికి, 8, 10, 12 ఏళ్ల వాళ్ల దగ్గరికి వెళ్తుంది. దాని మూడో విడతలో 35 దేశాల నుంచి లక్షా 28 వేల మందికి పైగా పిల్లలు జవాబిచ్చారు.

నిచ్చెన అందరికీ ఒకటే అయినా ఎక్కే తీరు ఒకటి కాదు. 1995లో వచ్చిన ఒక అధ్యయనంలో జపాన్, తైవాన్, అమెరికా, కెనడా హైస్కూలు విద్యార్థుల జవాబుల్ని పక్కపక్కన పెట్టి చూశారు. జపాన్, తైవాన్ విద్యార్థులు స్కేలు మధ్యలో టిక్ పెట్టడం ఎక్కువ, అమెరికా విద్యార్థులు చివరల్లో పెట్టడం ఎక్కువ. మరీ ఎక్కువ చెప్పుకోవడం బాగోదని నేర్చుకున్న పిల్లలకి తొమ్మిదో మెట్టు గొప్పలు పోవడంలా అనిపిస్తుంది. అయితే ర్యాంకులన్నీ ఈ అలవాటు వల్లే తప్పయిపోయాయని తేల్చేయడానికి లేదు, ఎందుకంటే ఆ తేడాని లెక్కలోకి తీసుకున్నా దేశాల సగటుల పోలిక పెద్దగా తారుమారు కాలేదని అదే అధ్యయనం చెప్పింది. అలవాటు కొంత వంకర తెస్తుంది, అంతే.

ఇంకో విషయం, అసలు ఎవర్ని అడుగుతున్నారు? చాలాకాలం పిల్లల గురించి పెద్దవాళ్లనే అడిగేవాళ్లు. 1989 నవంబర్ 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం, తమకి సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలి అంటుంది. పిల్లల్నే నేరుగా అడిగే సర్వేలు ఆ తర్వాత బాగా పెరిగాయి. ఎందుకు అవసరమంటే, జ్వరం, తిండి, అల్లరి లాంటి బయటికి కనిపించే వాటిలో తల్లిదండ్రుల జవాబూ పిల్లల జవాబూ చాలావరకు కలుస్తాయి, దిగులు, భయం దగ్గరికి వచ్చేసరికి విడిపోతాయి. ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాళ్లకి కూడా లోపలి సంగతి తెలియకపోవడం ఏ ఒక్క దేశానికో పరిమితం కాదు.

ఏ నవ్వు మంచి నవ్వు?

సంతోషం అనగానే కొందరి కళ్లముందు ఎగిరి గంతులేసే పిల్లవాడు కనిపిస్తాడు, కొందరికి నెమ్మదిగా కూర్చుని ఆడుకునే పిల్లవాడు కనిపిస్తాడు. ఇది పుట్టుకతో వచ్చే తేడా కాదు, పెంపకంలో వచ్చేది. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జీన్ సాయ్ బృందం 2007లో ప్రచురించిన పని ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. అమెరికాలో, తైవాన్‌లో బాగా అమ్ముడైన పిల్లల బొమ్మల కథల పుస్తకాలు తీసుకుని అందులో ముఖాల్ని లెక్కపెట్టారు. అమెరికా పుస్తకాల్లో ఉత్సాహంతో ఉన్న ముఖాలు ఎక్కువ, నవ్వులు ఇంకా విశాలం. బడికి ఇంకా వెళ్లని వయసు పిల్లలకి రెండు రకాల నవ్వుల బొమ్మలు చూపిస్తే, యూరప్ మూలాలున్న అమెరికా పిల్లలు తైవాన్ పిల్లల కంటే ఎక్కువగా ఉత్సాహపు నవ్వు వైపు మొగ్గారు. ఇంకా ఆసక్తికరమైనది దీని తర్వాత ఉంది: ఉత్సాహంగా సాగే కథ విన్న పిల్లలకీ, నెమ్మదిగా సాగే కథ విన్న పిల్లలకీ ఇష్టాలు దానికి తగ్గట్టు జరిగాయి. రోజూ రాత్రి చదివే కథ కూడా ఎలా అనిపిస్తే బాగున్నట్టో నేర్పిస్తోందన్నమాట.

సంస్కృతి అంటే దేశం అనుకుంటే మాత్రం పొరపాటే. నేపాల్‌లో ఒకే ప్రాంతపు బ్రాహ్మణ, తమాంగ్ సమాజాల పిల్లల్నీ అమెరికా పిల్లల్నీ కలిపి 2002లో ఒక అధ్యయనం వచ్చింది. ఎవరో తమ వస్తువు లాక్కున్నారు, ఎవరో అన్యాయం చేశారు, అప్పుడు నీకేమనిపిస్తుంది అని అడిగారు. బ్రాహ్మణ పిల్లలు బాధని, కోపాన్ని బయటికి కనబడనివ్వం అన్నారు. తమాంగ్ పిల్లలు అలాంటి సందర్భాన్ని సిగ్గుపడే విషయంగా చూశారు. అమెరికా పిల్లలు ఎదురు తిరుగుతాం, పరిస్థితి మారుతుంది అన్నారు. పక్కపక్కన బతికే రెండు సమాజాల పిల్లల మధ్య ఇంత తేడా ఉంటే, "ఆసియా పిల్లలు ఇలా ఉంటారు" అనే వాక్యానికి విలువెంతో ఊహించుకోవచ్చు.

మరి ఏదైనా "మా పద్ధతి" అనుకుంటే పిల్లలకి దెబ్బ తగలదా? ఈ ప్రశ్నకి సూటిగా జవాబిచ్చిన పరిశోధన ఒకటుంది. జెన్నిఫర్ లాన్స్‌ఫర్డ్, ఆమె సహచరులు 2005లో చైనా, ఇండియా, ఇటలీ, కెన్యా, ఫిలిప్పీన్స్, థాయిలాండ్ దేశాల్లో 336 మంది తల్లుల్నీ వాళ్ల పిల్లల్నీ పిల్లల్ని కొట్టడం గురించి అడిగారు. కొట్టడం మామూలే అనుకునే చోట, దానికీ పిల్లల్లో కనిపించే ఆందోళనకీ, దూకుడుకీ మధ్య సంబంధం కాస్త బలహీనంగా ఉంది. "అందరిళ్లలోనూ ఇంతే" అన్న ఆలోచన నొప్పిని కొంత తగ్గిస్తుంది, "అమ్మకి నేనంటే ఇష్టం లేదు" అనే అర్థం రానివ్వదు. కానీ సంబంధం ఎక్కడా పోలేదు. ఎక్కువ దెబ్బలు తిన్న పిల్లల్లో ఆందోళన, దూకుడు అన్ని చోట్లా ఎక్కువే. సంస్కృతి చేసేదీ చేయలేనిదీ ఈ ఒక్క ఫలితంలో చాలావరకు ఉంది. ఒక అనుభవానికి అర్థం మార్చగలదు, దాని బరువుని పూర్తిగా తీసేయలేదు.

ఇంట్లో తన అవసరం ఉన్న పిల్లలు

1950ల్లో జాన్ వైటింగ్, బియాట్రిస్ వైటింగ్ దంపతులు మొదలుపెట్టిన ఆరు సమాజాల అధ్యయనం పిల్లల పెంపకం పరిశోధనలో ఇప్పటికీ ఒక మైలురాయి. కెన్యా, మెక్సికో, ఫిలిప్పీన్స్, ఒకినావా, ఉత్తర భారతం, అమెరికాలోని న్యూ ఇంగ్లండ్. ఒక్కో చోట పిల్లలు ఇంట్లో ఏం చేస్తారు, ఎవరితో ఎలా మాట్లాడతారు అని గంటల తరబడి గమనించి రాసుకున్నారు. నీళ్లు తేవడం, చంటిపిల్లల్ని చూసుకోవడం, పశువుల్ని కాయడం లాంటి పనులు చిన్నప్పుడే అప్పగించిన చోట పిల్లలు పక్కవాళ్లకి సాయం చేయడం, బాధ్యత తీసుకోవడం ఎక్కువగా కనిపించింది. న్యూ ఇంగ్లండ్ పిల్లలు మెచ్చుకోలు కోసం, తమ మీద దృష్టి కోసం పెద్దవాళ్ల దగ్గరికి ఎక్కువగా వెళ్లారు. ఈ రెండో గుంపు పిల్లలు చెడ్డవాళ్లని కాదు, వాళ్ల రోజు అలా కట్టి ఉంది. వాళ్లు చేసే పని బడి పని, దానివల్ల ఇంట్లో ఎవరికీ అప్పటికప్పుడు ఉపయోగం లేదు, కాబట్టి తన విలువ తెలియాలంటే ఎవరో ఒకరు "శభాష్" అనాల్సిందే.

1930ల ఆర్థిక మహామాంద్యంలో పెరిగిన కాలిఫోర్నియా పిల్లల జీవితాల్ని దశాబ్దాల పాటు వెంబడించిన పరిశోధకుడు గ్లెన్ ఎల్డర్ 1974లో ఇలాంటి సంగతే రాశాడు. ఆదాయం పడిపోయిన ఇళ్లలో కాస్త ఎదిగిన పిల్లలు చిన్న చిన్న ఉద్యోగాలు, ఇంటి పనులు నెత్తిన వేసుకుని త్వరగా పెద్దవాళ్లయ్యారు, తమ మీద తమకి నమ్మకం పెరిగింది. అయితే అదే కష్టం మరీ చిన్న వయసులో తగిలిన పిల్లల మీద, ముఖ్యంగా అబ్బాయిల మీద, ప్రభావం చెడుగానే ఉందని అతని తర్వాతి పనిలో తేలింది. కాబట్టి వీటిని బాలకార్మికత్వానికి మద్దతుగా చదివితే అడ్డదిడ్డంగా చదివినట్టే. చదువుని మింగేసే పనీ, ఒంటిని అరగదీసే పనీ వేరు, ఇంట్లో ఒక ముక్క నీ చేతిలో ఉంది అని పిల్లవాడికి తెలియజేసే పని వేరు.

వీధి, చప్పుడు, చెట్లు

ఇప్పటిదాకా చెప్పినదంతా చూసి ఇదంతా మనసుల్లో, మాటల్లో జరిగే వ్యవహారం అనుకోవచ్చు. నిజానికి పిల్లల రోజుని అన్నిటికంటే ఎక్కువగా మార్చేది, చర్చలో అన్నిటికంటే తక్కువగా వినిపించేది, గుమ్మం బయట ఉన్న రోడ్డు.

ఇంగ్లండ్‌లో 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది పెద్దవాళ్ల తోడు లేకుండా బడికి వెళ్లేవాళ్లు. 1990కి అది 9 శాతానికి పడిపోయింది. ఈ లెక్క తీసిన పరిశోధకుడు, మేయర్ అనే పేరున్న హిల్‌మన్ ఒక మెలిక చూపించాడు: ఆ ఇరవై ఏళ్లలో రోడ్డు ప్రమాదాల్లో పిల్లల మరణాలు తగ్గాయి, ప్రభుత్వం దాన్ని రోడ్లు భద్రంగా మారాయనడానికి రుజువుగా చెప్పుకుంది, కానీ మరణాలు తగ్గడానికి ఒక కారణం పిల్లల్ని రోడ్డు మీదికే రానివ్వకపోవడం. అంకె బాగుపడింది, పిల్లల లోకం ఇరుకైంది. అంతకుముందే శాన్‌ఫ్రాన్సిస్కోలో డోనల్డ్ ఆపిల్‌యార్డ్ ఒకేలాంటి మూడు వీధుల్ని తీసుకున్నాడు, తేడా అల్లా ట్రాఫిక్‌లోనే. బండ్లు తక్కువ తిరిగే వీధిలో ఒక్కో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు అదే వీధిలో ఉంటే, బండ్లు ఎక్కువ తిరిగే వీధిలో ఒక్కరు కూడా సరిగ్గా లేరు, 0.9. పెద్దవాళ్లకే ఇంత తేడా ఉంటే, రోడ్డు దాటడానికి అనుమతి లేని పిల్లల సంగతి వేరే చెప్పాలా? స్నేహితుణ్ణి కలవాలంటే ఒక పెద్దమనిషి టైము, ఒక బండి, ముందే చేసుకున్న ఏర్పాటు కావాలి. ఆట అనేది అపాయింట్‌మెంట్ అయిపోతుంది.

నెదర్లాండ్స్ ఎప్పుడూ పట్టికలో పైన ఎందుకుంటుందో ఆలోచించేటప్పుడు ఈ చరిత్ర గుర్తుపెట్టుకోవాలి. 1971లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 3,300 మంది చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. "పిల్లల హత్యలు ఆపండి" అనే పేరుతో తల్లిదండ్రులు ఉద్యమం చేశారు, 1973 చమురు సంక్షోభం కూడా కలిసొచ్చింది, సైకిల్ దారులు వచ్చాయి. నడిచేవాళ్లకీ ఆడుకునే పిల్లలకీ ప్రాధాన్యం ఇచ్చి, బండ్లు నడక వేగంతో వెళ్లాల్సిన వీధులకి 1976లో చట్టబద్ధత వచ్చింది. అలాగని ఒక్క సైకిల్ దారులే అక్కడి పిల్లల సంతోషానికి కారణం అనలేం, పార్ట్‌టైమ్ ఉద్యోగాలు ఓఈసీడీలోనే ఎక్కువగా ఉన్న దేశం అది, మధ్యాహ్నం ఇంట్లో పెద్దవాళ్లు ఉంటారు. అభివృద్ధి మనస్తత్వ శాస్త్రవేత్త యూరీ బ్రోన్‌ఫెన్‌బ్రెన్నర్ 1979లో చెప్పిన ముఖ్యమైన మాట ఇక్కడ వర్తిస్తుంది: పిల్లవాడు ఎప్పుడూ అడుగుపెట్టని చోట్లు కూడా, ఉదాహరణకి అమ్మానాన్నల ఆఫీసు, వాడి పరిసరాల్లో భాగమే.

చప్పుడు విషయంలో రుజువు ఇంకా గట్టిగా ఉంది, ఎందుకంటే 1992 మేలో మ్యూనిక్‌లో పాత విమానాశ్రయం మూసేసి వేరే చోట కొత్తది తెరిచారు, పరిశోధకులు ముందే వెళ్లి రెండు చోట్లా పిల్లల్ని పరీక్షించి పెట్టుకున్నారు. కొత్త విమానాశ్రయం దగ్గర 9 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో రెండేళ్లలో ఒత్తిడి హార్మోన్లు, రక్తపోటు పెరిగాయి, తమ జీవితం ఎలా ఉందన్న ప్రశ్నలకి వాళ్లిచ్చిన మార్కులు తగ్గాయి. జ్ఞాపకశక్తి, చదవడం కూడా దెబ్బతిన్నాయి. పాత విమానాశ్రయం దగ్గర చప్పుడు ఆగిపోయాక ఈ నష్టం తగ్గుతూ వచ్చింది. న్యూయార్క్‌లో 1975లో ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ చేసిన పని కూడా ఇదే దారిలో ఉంది. రైలు పట్టాల వైపు తరగతి గదుల్లో కూర్చున్న పిల్లలు అదే బడిలో అవతలి వైపు కూర్చున్న పిల్లల కంటే చదవడంలో బాగా వెనకబడ్డారు. పట్టాల కింద రబ్బరు దిండ్లు, గదుల్లో శబ్దాన్ని పీల్చే పైకప్పులు పెట్టాక తేడా పోయింది. అంటే అదే బడి, అవే గదులు, అదే ఊరు. మారింది చప్పుడొక్కటే. ర్యాంకుల పట్టిక ఎప్పటికీ ఇవ్వలేని స్పష్టత ఇది.

చెట్ల గురించి చాలా తీయని మాటలు వినిపిస్తాయి కాబట్టి ఒక్క లెక్కతో సరిపెట్టడం మంచిది. డెన్మార్క్‌లో 1985 నుంచి 2003 మధ్య పుట్టిన 9 లక్షల మందికి పైగా జనం చిన్నప్పటి ఇళ్ల చుట్టూ ఎంత పచ్చదనం ఉందో ఉపగ్రహ చిత్రాలతో చూసి, పెద్దయ్యాక వాళ్ల మానసిక ఆరోగ్య రికార్డులతో కలిపారు. అన్నిటికంటే తక్కువ పచ్చదనంలో పెరిగినవాళ్లలో మానసిక రుగ్మతల ముప్పు, రుగ్మతని బట్టి, 55 శాతం దాకా ఎక్కువ ఉంది. 2019లో వచ్చిన ఈ అధ్యయనంలో తల్లిదండ్రుల ఆదాయం, చదువు లాంటివి లెక్కలోకి తీసుకున్నారు. అయినా ఇది సంబంధమే తప్ప చెట్టే కారణమని రుజువు కాదు.

కంటికి కనిపించనివి కూడా ఉన్నాయి. ప్రపంచంలో మూడో వంతు మంది పిల్లల, అంటే దాదాపు 80 కోట్ల మంది రక్తంలో సీసం డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు దాటిందని యునిసెఫ్ 2020లో చెప్పింది. సీసం బుద్ధినీ నిగ్రహాన్నీ దెబ్బతీస్తుంది. తర్వాత ఆ పిల్లవాడికి "మొండివాడు" అని పేరొస్తుంది, లోపం పెంపకానిది అంటారు.

పక్కన ఎవరున్నారు అన్నదే కొలత

చదువులో ఒకే స్థాయి ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకర్ని మామూలు బడిలో, ఇంకొకర్ని టాపర్లు మాత్రమే ఉండే బడిలో వేస్తే, రెండో పిల్లవాడు తన తెలివి మీద తక్కువ నమ్మకంతో ఉంటాడు. మనస్తత్వ పరిశోధకుడు హెర్బర్ట్ మార్ష్ దీనికి "చిన్న చెరువులో పెద్ద చేప" అని పేరు పెట్టాడు. 2003లో 26 దేశాల్లో లక్ష మందికి పైగా 15 ఏళ్ల విద్యార్థుల మీద చూసినా ఇదే కనిపించింది. సంస్కృతుల మధ్య ఇన్ని తేడాలు ఉన్నాయని చెప్పుకున్నాం కదా, ఈ విషయంలో మాత్రం ఆశ్చర్యంగా అన్నీ ఒకే దారిలో ఉన్నాయి. "మంచి బడి"లో సీటు వచ్చాక పిల్లవాడు ఎందుకు ముడుచుకుపోయాడో అర్థంకాని తల్లిదండ్రులకి పనికొచ్చే సమాచారం ఇది.

ఇల్లు మారితే పిల్లలు మారతారా? 1994 నుంచి 1998 వరకు అమెరికాలో ఐదు నగరాల్లో దాదాపు 4,600 పేద కుటుంబాల మధ్య లాటరీ తీశారు. గెలిచిన కొందరికి పేదరికం తక్కువున్న ప్రాంతానికి మారడానికి అద్దె సాయం అందింది. 13 ఏళ్లలోపు మారిన పిల్లలు పెద్దయ్యాక 31 శాతం ఎక్కువ సంపాదించారని తేలింది. ఇది చాలాసార్లు చెప్పుకునే ఫలితం. తక్కువగా చెప్పుకునేది ఇంకోటి ఉంది. మారిన కుటుంబాల్లో అమ్మాయిల మానసిక ఆరోగ్యం మెరుగైంది, అబ్బాయిలది కొన్ని విషయాల్లో దిగజారింది. ఒక వివరణ ఏంటంటే, అబ్బాయిలు వీధి మూలల్లో, మైదానాల్లో గుంపుగా తిరిగే పాత అలవాటు కొత్త చోట అనుమానం తెచ్చిపెట్టింది, అమ్మాయిలకి మాత్రం పాత చోట ఉన్న వేధింపుల భయం పోయింది. ఒకే పరిసరం ఇద్దరు పిల్లలకి ఒకే పరిసరం కాదు.

పన్నెండు దాటాక

పదేళ్ల నుంచి పదహారేళ్ల మధ్య తృప్తి తగ్గడం సర్వేలు జరిగే దాదాపు అన్ని దేశాల్లోనూ కనిపిస్తుంది, అమ్మాయిల్లో ఎక్కువగా. ఫోన్ల మీద నింద వేయడం తేలిక. వాటి పాత్ర ఎంత అన్నదాని మీద పరిశోధకుల మధ్యే ఇంకా గట్టి గొడవ నడుస్తోంది. గొడవ లేని విషయాలు పాతవే: బడిలో ఏడిపింపులు, నిద్ర తగ్గిపోవడం, ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోవడం. తల్లిదండ్రులు రోజూ కూర్చుని కబుర్లు చెప్పే, కలిసి భోజనం చేసే ఇళ్లలో పిల్లలు ఎక్కువ తృప్తి చెప్పారని పీసా లెక్కల్లో కూడా ఉంది.

మార్చాలని చూసిన చోట్ల ఏం జరిగింది?

ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది అంతకుముందు నెలలో తాగి మత్తులో ఉన్నామని చెప్పారు. 2016కి అది 5 శాతం. దీనికోసం ఆ దేశం ఉపన్యాసాల మీద ఆధారపడలేదు. సాయంత్రాల్ని మార్చారు: ఆటలకి, సంగీతానికి కుటుంబాలకి నగరపాలిక డబ్బు సాయం, పిల్లలు రాత్రి ఫలానా వేళ తర్వాత బయట ఉండకూడదన్న నియమం, తల్లిదండ్రుల మధ్య రాతపూర్వక ఒప్పందాలు, ప్రతి బడికి తన సర్వే ఫలితాలు. మిగతావాళ్ల పిల్లలు ఇంటికి వెళ్లిపోతుంటే తన పిల్లవాణ్ణి పిలవడానికి ఏ తల్లీ మొహమాటపడదు. ఇక్కడా కథ పూర్తిగా తీపి కాదు, అదే కాలంలో అక్కడి అమ్మాయిల్లో దిగులు పెరిగింది. తాగుడు తగ్గడం, మనసు బాగుండటం రెండు వేర్వేరు విషయాలు.

చైనా 2021 జూలైలో తొమ్మిదో తరగతి దాకా ప్రధాన సబ్జెక్టులకి లాభం కోసం నడిచే ట్యూషన్ సంస్థల్ని నిషేధించింది, సెలవురోజుల క్లాసుల్ని ఆపేసింది. పెద్ద సంస్థలు కుప్పకూలాయి, ట్యూషన్లు రహస్యంగా, ఇంకా ఖరీదుగా ఇళ్లలోకి చేరాయి. కాలేజీ ప్రవేశ పరీక్ష అలాగే ఉంది కదా మరి. దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో రాత్రి 10 తర్వాత కోచింగ్ కేంద్రాలు నడపకూడదన్న నియమం ఏళ్ల తరబడి ఉంది, అయినా ఆ దేశంలో ప్రైవేటు ట్యూషన్ల ఖర్చు 2024లో 29.2 లక్షల కోట్ల వాన్లకి చేరింది, అదీ బడి పిల్లల సంఖ్య ఏటా తగ్గుతుండగా. ఏ తల్లిదండ్రులకీ పిల్లల్ని రాత్రి పదింటి దాకా కూర్చోబెట్టడం సరదా కాదు. పక్కింటివాళ్లు మానేస్తే వీళ్లూ మానేస్తారు, వీళ్లు మానేస్తే పక్కింటివాళ్లూ మానేస్తారు, ముందు ఎవరు అన్న దగ్గర ఆగిపోయింది. ఐస్‌లాండ్ ఒప్పందాలు పనిచేసింది సరిగ్గా ఈ ముడి దగ్గరే, కాకపోతే అక్కడ తల్లిదండ్రులు వదులుకోవాల్సింది పిల్లల రాత్రి షికార్లు, చైనా, కొరియాల్లో వదులుకోవాల్సింది కాలేజీ సీటు.